జోళ్లు తొడుక్కున్న అక్షరం

పోయిన నెల మా ఇంటి గేటు పక్కన పేరు పలక బిగించాం. టెక్కలి వైపు నుంచి వచ్చే నీలం గ్రానైటు, రెండడుగుల పొడుగు. పైన తెలుగులో నాగావళి అని, దాని కింద అదే మాట ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఇంకా కింద సన్నగా మా ఇద్దరి పేర్లు, డోర్ నంబరు. ఇంటికి ఏటి పేరు పెట్టాలన్నది అమ్మ పట్టుదల. వానాకాలంలో ఆ ఏరు మా శ్రీకాకుళానికి పెట్టే తిప్పలన్నీ చూసిన మనిషే, అయినా ఆ పేరే కావాలంది. సరే, అది వేరే కథ.

విశాఖలో డిజైన్ కోర్సు చదువుతున్న మా మేనల్లుడు ఆ ఆదివారం వాళ్ళమ్మతో కలిసి అరసవల్లి దర్శనం చేసుకుని భోజనానికి మా ఇంటికొచ్చాడు. బండి స్టాండు వేసి, హెల్మెట్ కూడా తియ్యకుండా గేటు దగ్గరే నిలబడిపోయాడు. "ఇదేటి మావయ్యా, కోర్టు నోటీసు అంటించినట్టుంది! హెల్వెటికా లాంటిదేదైనా శుభ్రంగా పెట్టుకోవచ్చు కదా. ఈ లావు సెరిఫ్‌లు ఇప్పుడెవరు వాడతన్నారు?" అన్నాడు. భోజనాల దగ్గర కూడా వదల్లేదు. పులుసు కలుపుకుంటూ "పాతకాలం ఫాంటు" అని మూడుసార్లన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను, ఎందుకంటే అప్పుడు నా దగ్గర జవాబు లేదు. అది బాగుందని మాత్రం తెలుసు. ఎందుకు బాగుందో ఈ నెల్లాళ్లూ ఆలోచిస్తే తేలింది, పూర్తిగా తేలిందని కూడా అనను.

వాడు తిట్టిన ఆ అక్షరాల పేరు క్లారెండన్. లావుగా ఉంటుంది, ప్రతి నిలువుగీత కిందా పైనా దిట్టమైన అడ్డపాదాలుంటాయి, సెరిఫ్‌లంటే అవే. వాడు చెప్పిన హెల్వెటికాకి ఆ పాదాలుండవు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: వెతుక్కునేవాడికి ఒక పేరు చటుక్కున దొరికేలా చెయ్యడం లావు అక్షరం అసలు పని. మనం దాన్ని కేకలు పెట్టడానికి వాడేసుకుని, చెవులు గింగురుమంటే తప్పంతా అక్షరం మీదకి తోసేస్తున్నాం.

రాయి దగ్గర మొదలైన సంగతి

ఫాంటు ఎంచుకోవడానికి ముందు నాకూ పెద్ద అభిప్రాయాలేం లేవు. రాళ్ల షాపులో కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు నాకు ఒక నాజూకు రకం చూపించాడు. నిలువుగీతలు లావు, అడ్డగీతలు వెంట్రుకవాసి. తెరమీద పెళ్ళికూతురిలా ఉంది. ఇదే వేసెయ్ అన్నాను. వెనకాల ఇసుక కొట్టే పెద్దాయన వచ్చి, ఏం మాట్లాడకుండా గోడకి ఆనించి ఉన్న ఒక పలకని తిప్పి చూపించాడు. ఎవరో డాక్టరు గారి బోర్డు, తిరిగొచ్చేసింది. పేరులో ఉన్న హెచ్‌కి నడుం గీత సగమే ఉంది. దూరం నుంచి చూస్తే రెండు కర్రలు పాతినట్టుంది.

రాయి మీద అక్షరం ఎలా పడుతుందో అప్పుడు చెప్పాడు. ముందు పలక మీద మందపాటి స్టికర్ అతికిస్తారు. మెషీన్ దాని మీద అక్షరాల అంచులు కోస్తుంది. అక్షరం ఉన్నచోట స్టికర్ ఒలిచేసి, గాలితో ఇసుక కొడతారు. ఒలిచినచోట రాయి తినేస్తుంది, స్టికర్ ఉన్నచోట మిగులుతుంది. అక్షరంలో సన్న గీతుంటే ఇసుక ఆ సందులోకి సరిగ్గా దిగదు. లోతు రాకపోతే రంగు నిలవదు, రెండు వానలకి కొట్టుకుపోతుంది. ఇంక రెండు అక్షరాల మధ్య స్టికర్ పీలికలా మిగిలితే ఇసుక దెబ్బకి అది లేచిపోయి అంచు చెదురుతుంది. "అందం కావాలంటే కార్డు మీద వేయించుకోండి సార్, రాయికి దిట్టంగా ఉండాల" అన్నాడాయన.

కుర్రాడు వెంటనే రెండో చివరకి పోయాడు. పాదాలూ గీదాలూ లేని దుక్కలాంటి లావు రకం తీసి, మొత్తం పలకంతా, డోర్ నంబరుతో సహా, దాంతోనే నింపేశాడు. ఏం చెప్పాలో తెలియక, రేపొస్తానని చెప్పి బయటపడ్డాను. ఆ సాయంత్రం మా చిన్నాన్న దగ్గరికి వెళ్లాను.

చిన్నాన్న పాతికేళ్లు అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ కేసులోంచి ఏరి స్టిక్కులో పేర్చే పని. సీసంతో పనిలేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక ఆ పని పోయింది. ఆయనకి సెరిఫ్ అన్న మాట తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకి కింద పాదాలుంటే "జోళ్లు తొడుక్కున్నవి" అంటాడు, లేకపోతే "ఉత్తకాళ్లవి". నేను ఫోన్లో నాలుగైదు రకాలు చూపిస్తే కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, క్లారెండన్ దగ్గర ఆగాడు. "ఇది జోళ్లు తొడుక్కున్నదే గానీ, పెళ్ళికెళ్లే జోళ్లు కావురా. పొలానికెళ్లే జోళ్లు." నేను విన్న ఫాంటు వర్ణనల్లో ఇంతకన్నా సరైనది లేదు.

ఆ జోళ్లని దగ్గరగా చూడండి. నాజూకు రకాల్లో పాదం ఒక సన్నగీత, నిలువుగీతకి అడ్డంగా కర్ర పెట్టినట్టు కోణంలో తగులుతుంది. క్లారెండన్‌లో పాదమే దిట్టం, పైగా నిలువుగీత కిందికి దిగుతూ దిగుతూ వంపు తిరిగి పాదంలో కలిసిపోతుంది. తాటిచెట్టు మొదలు నేల దగ్గర ఎలా వెడల్పవుతుందో అలాగ. లావుకీ సన్నానికీ తేడా ఉంటుంది గానీ మరీ ఎక్కువ కాదు. చిన్న ఏ పై కొసన, చిన్న ఆర్ కొసన, మినపగింజ అతికించినట్టు గుండ్రటి బొడిపె ఉంటుంది. పెద్ద ఆర్ కాలు చివర కొంచెం పైకి వంగి ఆగుతుంది. ఇంత బరువు మనిషిలోనూ ఆ చిన్న వయ్యారం ఉందన్నమాట. అమెరికాలో జాతీయ పార్కుల చెక్క బోర్డుల మీద ఎన్నో ఏళ్ళపాటు ఈ తరహా అక్షరాలే చెక్కారు. చెక్కలోనైనా రాయిలోనైనా తొలిచేవాడికి కావలసింది ఈ దిట్టమే.

మూడో లక్ష్మి

చిన్నాన్న దగ్గరికి వెళితే కథ వినకుండా రావడం ఉండదు. అప్పట్లో వాళ్ళ ప్రెస్సులో తెలుగు మామూలు అక్షరాలకి కేసుల మీద కేసులుండేవి, గుణింతాలూ ఒత్తులూ కలిపి వందలకొద్దీ గళ్లు. లావు అక్షరాలు మాత్రం ఒక్క కేసు. సీసం ఖరీదు, యజమాని పొదుపరి. దాంతో లావు అక్షరాలు లెక్కబెట్టుకుని వాడాలి. పెళ్ళికార్డులో లావుగా పడేవి రెండే: పైన దేవుడి పేరు, మధ్యలో వధూవరుల పేర్లు. మిగిలిందంతా సన్నమే.

ఒకసారి ఒకే ముహూర్తానికి ముగ్గురక్కచెల్లెళ్ళ పెళ్ళి. ముగ్గురి పేర్లలోనూ లక్ష్మి ఉంది. లావు కేసులో క్ష్మికి కావలసిన అచ్చులు రెండు జతలే ఉన్నాయి. మూడో అమ్మాయి పేరు మాత్రం సన్నటి అక్షరాల్లో వేసి ప్రూఫు పంపించాడు. సాయంత్రానికి ఆ మూడో అల్లుడి తరఫు వాళ్ళు నలుగురు ప్రెస్సు మీదకి వచ్చేశారు. "మా పిల్ల పేరు సన్నంగా ఏసేరేటి? కట్నం తక్కువని పేరు కూడా తగ్గించేరా?" చిన్నాన్న ఎంత చెప్పినా వినలేదు. "అచ్చులు రెండే ఉన్నాయి బాబూ, మూడో లక్ష్మికి నానేటి చేస్తాను?" అని మొత్తుకుని, చివరికి ముగ్గురి పేర్లూ సన్నంగా మార్చి, చుట్టూ పూల బోర్డరు కట్టి గొడవ చల్లార్చాడు.

నాకు ఈ కథలో నచ్చేది గొడవ కాదు. ఆ వచ్చిన నలుగురిలో చదువొచ్చినవాళ్ళు ఇద్దరే. అయినా నలుగురికీ తెలిసిపోయింది, ఎక్కడ లావు ఉండాలో అక్కడ లేదని. ఆ రోజుల్లో లావు అక్షరానికి అంత విలువుండేది. ఇప్పుడు ఏడు రోడ్ల జంక్షన్లో నిలబడి ఏ ఫ్లెక్సీ వైపు చూసినా, నాయకుడి పేరు నుంచి ప్రింటింగ్ షాపు సెల్ నంబరు దాకా అన్నీ లావే, లావు చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ ఎర్ర అంచు, వెనక నీడ. ఎవరి పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. వెతుక్కోనక్కర్లేకుండా చెయ్యడానికే లావు పుట్టిందని తర్వాత చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

లండన్ సంగతి

ఆ చదివింది చెబుతాను. ఇంగ్లీషు అచ్చులో లావు అక్షరాలు 19వ శతాబ్దం మొదట్లోనే వచ్చాయి, లాటరీ పోస్టర్లకీ వేలం పోస్టర్లకీ. నిలువుగీత పొట్ట ఉబ్బినట్టు, అడ్డగీత దారంలాగ. అవి గోడ మీద బావుంటాయి గానీ పుస్తకంలో ఒక పేరాలో పక్కన కూర్చోమంటే కూర్చోవు. పుస్తకంలో ఒక మాటని వేరుచేసి చూపాలంటే ప్రింటర్లు వాలు అక్షరాలో, పెద్దక్షరాలో, పాతకాలపు నల్లటి గోథిక్ అక్షరాలో వాడుకునేవాళ్ళు.

1845లో లండన్ ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో, అంటే సీసపు అక్షరాలు పోతపోసే చోట, రాబర్ట్ బెస్లీ క్లారెండన్ విడుదల చేశాడు. పోతలకి ముందు ఉక్కు మీద అక్షరాలు చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. మొదటి క్లారెండన్ ఇప్పుడు మనం చూసేదానికన్నా ఇరుగ్గా ఉండేది. ఎందుకంటే అది మామూలు అక్షరాల వరసలోనే, వాటి పక్కనే, వాటిని తోసెయ్యకుండా నిలబడాలి. నిఘంటువు తెరిస్తే ప్రతి మాటా లావుగా, దాని అర్థం సన్నగా ఉంటుంది చూడండి, ఆ ఏర్పాటుకి సరిగ్గా సరిపోయింది. కొన్నాళ్ళు ఇంగ్లీషు ప్రింటర్లు ఏ లావు అక్షరాన్నైనా క్లారెండన్ అనే పిలిచారు, మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. 1842లో వచ్చిన డిజైన్ల చట్టం కింద బెస్లీ దాన్ని రిజిస్టరు చేయించాడు గానీ ఆ రక్షణ మూడేళ్ళే. గడువు అయిపోగానే మిగతా ఫౌండ్రీల వాళ్ళు ఎగబడి కాపీ కొట్టేశారు. బెస్లీ గోల పెట్టాడు. మరీ జాలిపడక్కర్లేదు లెండి, తర్వాత ఆయన లండన్‌కి లార్డ్ మేయర్ కూడా అయ్యాడు.

ఆ పేరు ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్ మీంచి వచ్చిందని ఎక్కువమంది అంటారు. అదే నిజమైతే మా వైపు వాళ్ళకి ఆ ఊరి అచ్చుతో చిన్న చుట్టరికం ఉంది. మాక్స్‌ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణ 1890-92లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చినప్పుడు ఖర్చు పెట్టుకున్నది పక్కనున్న విజయనగరం మహారాజు ఆనంద గజపతి. నా వాదనకి దీంతో పనేం లేదు, ఊరికే చెప్పాలనిపించింది.

మేనల్లుడికి నేను వాట్సాప్‌లో పంపింది మాత్రం ఇంకో సంగతి. ఈ రోజు మనం వాడే విశాలమైన క్లారెండన్ 1953లో స్విట్జర్లాండ్ హాస్ ఫౌండ్రీ నుంచి వచ్చింది, హెర్మన్ ఐడెన్‌బెంజ్ గీసింది. నాలుగేళ్ళ తర్వాత, 1957లో, అదే హాస్ ఫౌండ్రీ ఇంకో అక్షరం విడుదల చేసింది. ఆ అక్షరానికే తర్వాత హెల్వెటికా అని పేరు మార్చారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములురా, ఒకడు జోళ్లు తొడుక్కున్నాడు, ఇంకొకడు ఉత్తకాళ్లతో తిరుగుతున్నాడు, అంతే అని రాశాను. వాడు ఒక దండం బొమ్మ పంపి ఊరుకున్నాడు.

కోర్టు నోటీసు సంగతేంటి మరి

కానీ వాడన్న మాటలో నిజం ఉంది. లావు సెరిఫ్ చూస్తే మనలో చాలామందికి ఏదో అధికారం గొంతు వినిపిస్తుంది. మా వీధిలో ఒకరింటి గోడకి వేలం నోటీసు అంటించినప్పుడు, అందులో ఏముందో చదవకముందే, పైనున్న ఆ నల్లటి మాటలు చూసి వీధి వీధంతా గొంతు తగ్గించేసింది. అక్షరానికి స్వభావం ఉంటుందా, లేక దాన్ని వాడినవాళ్ళ స్వభావం దానికి అంటుకుంటుందా?

పరీక్ష పెట్టాను. ఇంగ్లీషులో "లంచ్ ఈజ్ రెడీ" అని క్లారెండన్‌లో, "మీ ఆస్తి వేలం వేయబడును" అన్న అర్థం వచ్చే మాటలు హెల్వెటికాలో వేసి మేనల్లుడికి పంపాను. ఏది భయంగా ఉంది చెప్పు అన్నాను. "రెండూను మావయ్యా. మొదటిది జైల్లో అన్నానికి పిలిచినట్టుంది" అన్నాడు. సగం ఓడిపోయాను. బారసాల కార్డుకి క్లారెండన్ వాడమని నేనైనా చెప్పను, ఆ బరువు దానికి పుట్టుకతో ఉంది. కానీ మనల్ని వణికించేది నూటికి తొంభై పాళ్ళు అక్షరం కాదు, "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అనే భాష. దాన్ని ఏ ఫాంటులో వేసినా ఒకటే చలి.

ఇంకో పెద్ద అనుమానం తెలుగు గురించి. మన అక్షరాలకి జోళ్లు లేవు. తాటాకు మీద గంటంతో గీస్తే లావూ సన్నం అనే తేడాయే రాదు, అంతా ఒకే గీత. మా పక్కనే శ్రీకూర్మం స్తంభాల మీద శాసనాలున్నాయి. నేను చూసినంతలో దాత పేరూ దానమిచ్చిన వస్తువూ అన్నీ ఒకే మందంలో చెక్కారు. వందల ఏళ్ళు లావు అక్షరం లేకుండానే బతికాం కదా, ఇంగ్లీషు అచ్చు నుంచి తెచ్చుకున్న ఈ అలవాటు మనకెందుకు అని ఎవరైనా అడిగితే? నేను దానికి చెప్పేది, శాసనం ఓపిగ్గా మొదటినుంచీ చదివేది, ఫోన్ డైరెక్టరీ అలా చదవం కదా. వెతుక్కునే పని వచ్చాక లావు కావలసివచ్చింది. 1938లో గిడుగు రామమూర్తి గారి సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. మా శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టిన మనిషి జీవితమంతా పోగేసిన మాటలవి. అలాంటి పుస్తకంలో మాట దొరకాలంటే కంటికి ఒక గుర్తు కావాలి, అది ఏ భాషైనా.

కాకపోతే తెలుగు లావు అక్షరాన్ని తెలుగులాగే గియ్యాలి. ఇక్కడే అసలు గొడవ.

బి బటన్

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా అత్తవారి ఊళ్ళో కొబ్బరిచెట్లు పడిపోయిన తీరు ఇక్కడ రాయను, చూసినవాళ్ళకి తెలుసు. కొన్నాళ్ళకి నష్టపరిహారం జాబితా గోడకి అంటించారు. మా మామగారూ నేనూ వెళ్లాం. జాబితా కంప్యూటర్లో కొట్టినవాళ్ళు శ్రద్ధగా, అన్నీ స్పష్టంగా కనబడాలని కాబోలు, మొత్తం సెలెక్ట్ చేసి, అక్షరాల్ని లావు (బోల్డ్) చేసే బి బటన్ నొక్కేశారు. దాన్ని జెరాక్స్ తీసి, ఆ జెరాక్స్‌కి మళ్లీ జెరాక్స్ తీసి అంటించారు. ధ కింది పుల్ల పూడుకుపోయి ద అయిపోయింది. పకి పైన ఉండే సందు పూడుకుపోయి వ అయిపోయింది. మామగారి ఇంటిపేరులో ఒక ప ఉంది. అలాంటి పేర్లే పై వరసలో ఒకటి, కింద వరసలో ఒకటి. తండ్రి పేరు చూద్దామంటే అక్కడ ఒత్తులన్నీ కలిసి చీమ నలిగినట్టున్నాయి. మామగారు చూపుడువేలు కాగితానికి ఆనించి, వరసలు లెక్కపెట్టి, సర్వే నంబరు పట్టుకుని తన పేరు తేల్చుకున్నారు. అంకెలు మాత్రం లావైనా బతికాయి. వెనక ముప్ఫై మంది లైన్లో ఉన్నారు, ఒక్కొక్కరూ అలాగే వేలు పెట్టి.

బి బటన్ చేసేది ఏమిటంటే, ఫాంటుకి విడిగా గీసిన లావు రూపం లేకపోతే, ఉన్న గీతకే అన్ని వైపులా కాస్త కండ పట్టిస్తుంది. కండ బయటికే కాదు లోపలికీ పెరుగుతుంది. అక్షరం లోపలి ఖాళీ తగ్గుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీలు పెద్దవి కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాయి. మనకి ఖాళీయే ప్రాణం: పకీ వకీ తేడా ఒక సందు, పకీ షకీ తేడా ఒక గీత, దకీ ధకీ తేడా కింద చిన్న నిలువుపుల్ల. మామూలు అక్షరంలో సగం సైజుండే ఒత్తుకి కూడా అదే కండ పట్టిస్తే అది ఊపిరాడక చస్తుంది. తెలిసినవాడు లావు రూపం గీస్తే ముందు అక్షరాన్ని వెడల్పు చేసి, లోపల గాలి వదిలి, ఒత్తుల దగ్గర కండ తగ్గించి, తలకట్టుకి మాత్రం కొస తేల్చి గీస్తాడు. ఇంగ్లీషు అక్షరం కింద జోళ్లు చేసే పని మనకి పైన తలకట్టు చేస్తుందని నా అనుకోలు. వరసని పట్టుకుని ఉండేది అదే.

అలా గీసినవి మనకి లేకపోలేదు. పదేళ్ళు దాటింది, పురుషోత్ కుమార్ గుత్తుల గారూ, అప్పాజీ అంబరీష దర్భ గారూ గీసిన తెలుగు ఫాంట్లు చాలా ఉచితంగా వచ్చాయి. రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి అని అష్టదిగ్గజాల పేర్లు అందులో ఉన్నాయి. గురజాడ ఉంది, గిడుగు ఉంది, అంటే మా రెండు జిల్లాలకీ వాటా దక్కింది. (వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు పేరున్న ఫాంటులో "మదీయ ద్వితీయ పుత్రిక వివాహ మహోత్సవమునకు విచ్చేయ ప్రార్థన" అని కార్డు వేస్తారు. ఆయన ఏమనేవారో.) మా పలక మీద తెలుగు నాగావళి రామభద్రలో ఉంది. లావైనా వలో గాలుంది. అయితే షాపుల్లో వీటిని వాడరు. వాళ్ళ దగ్గర 'అను' అన్న పేరుతో వచ్చే ఫాంట్లుంటాయి, పాత అలవాటు. ఫోన్లు అక్షరాల్ని దాచుకునే లెక్క యూనికోడ్, వీటి లెక్క వేరు. ఫోన్లోంచి పంపిన పేరు అందులో పిచ్చి గీతలైపోతుంది, మళ్లీ కొట్టాలి, కొట్టినప్పుడు ఒక తప్పు. వాళ్ళని అనడానికి లేదు, రోజుకి ముప్ఫై ఫ్లెక్సీలు కొట్టేవాడికి ఫాంటు వెతికే తీరికెక్కడిది?

అమ్మ అడిగిన ప్రశ్న

ఇవన్నీ అమ్మకి చెప్పాను. అంతా విని, "అన్నీ లావుగా ఉంటేనే కదా నాకు కనపడతాది" అంది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది వాయిదా వేస్తోంది. ఆవిడ ఫోన్లో బోల్డ్ టెక్స్ట్ అనే సెట్టింగు ఎవరో పెట్టేశారు. నా సిద్ధాంతం ప్రకారం అది తప్పు కాబట్టి తీసేసి, బదులుగా సైజు రెండు మెట్లు పెంచాను. రెండ్రోజులు బాగానే ఉంది. మూడోరోజు పాలవాడికి చెయ్యబోయి పాలకొండ చెల్లెలికి ఫోను చేసింది. పేర్లు పెద్దవయ్యేసరికి తెరమీద నాలుగే పడుతున్నాయి, పైకీ కిందకీ తోసుకుంటుంటే వేలు జారింది. మళ్లీ బోల్డ్ పెట్టమంది.

పెట్టాను. ఆవిడ విషయంలో నా దగ్గర జవాబు లేదు. కాంటాక్టుల్లో ఉన్నవన్నీ పేర్లే కదా, పేరుకి లావు ఉండాలని నువ్వే అన్నావు కదా అని మా ఆవిడ నవ్వింది. అది మాటకారితనం. అన్నీ పేర్లే అయినచోట లావు దేన్నీ వేరుచెయ్యదు. అయినా అమ్మకి కావలసింది వేరుచెయ్యడం కాదు, మసకలో గీత కనబడడం. కళ్ళు బావున్నవాళ్ళం కూర్చుని లావు అక్షరాన్ని పొదుపుగా వాడండి అని ఉపన్యాసం ఇవ్వడం తేలికే. ఈ ఒక్కచోట నేను కచ్చితంగా ఉండలేకపోతున్నాను.

పలక మీద మాత్రం ఉన్నాను. నా పేరు, మా ఆవిడ పేరు, డోర్ నంబరు సన్నంగానే ఉంచమన్నాను. రాళ్ల షాపు కుర్రాడికి నమ్మకం కలగలేదు. "ఓనర్ పేరు సన్నంగా ఉంటే బాగోదు సార్" అని రెండుసార్లు ఫోను చేశాడు. వీధిలో వచ్చేవాడు వెతుక్కునేది ఇంటి పేరు, అది దొరికాక దగ్గరకొచ్చి మిగతాది చదువుకుంటాడులే అన్నాను. బిగించిన వారంలోనే కొరియర్ అబ్బాయి వీధి మొదట్నుంచే "నాగావళి ఇదేనాండీ" అని అరిచాడు.

చిన్నాన్న నిన్న వచ్చాడు చూడ్డానికి. ఎండలో నిలబడి ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి తడుముకుంటూ వెళ్ళాడు, పేర్చిన స్టిక్కుని తడిమినట్టే. తెలుగు వరస దాటి ఇంగ్లీషు వరసకి వచ్చాడు. ఎన్, ఏ, జీ, మళ్లీ ఏ. అక్కడ వేలు ఆగింది. ఏకి పక్కన వీ, వీ పక్కన మళ్లీ ఏ. ఒకటి ఎడమకి వాలుతుంది, ఇంకొకటి కుడికి. మధ్యలో రెండువైపులా ఖాళీ పడింది. రాళ్ల షాపులో దాన్ని ఎవరూ సర్దలేదు, నేనూ చూడలేదు. ఇప్పుడు చూశాక ఇంక అదే కనబడుతోంది.

"సీసమైతే ఆకురాయి పెట్టి పక్కలు అరగదీసి దగ్గరికి జరిపీసేవాళ్ళం" అన్నాడు చిన్నాన్న. వేలితో ఆ సందు కొలిచాడు. "నాగావళని రాసి మధ్యలో ఏరు పారడానికి జాగా వదిలేసేరేటిరా?"